పిల్లల అసెస్‌మెంట్ గదిలో పెద్దవాళ్ల తీరు బాగోకపోతే ఏం చేయాలి?

మా వాడికి మూడేళ్లప్పుడు ఎదుగుదల పరీక్ష చేయించాం. చెక్క బ్లాకులు ముందు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చమన్నారు. వాడు చేయి చాపేలోపు పరీక్ష చేసే ఆవిడ ఫోన్ మోగింది. ఆవిడ కుర్చీ అటు తిప్పుకుని మాట్లాడుతుంటే, వాడు తీరిగ్గా ఎనిమిది బ్లాకులు పేర్చాడు. తల వంచి పక్కనుంచి చూసుకున్నాడు, నా వంక చూశాడు, ఒక్క తోపుతో కూల్చేశాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి బల్ల మీద చెల్లాచెదురుగా పడిన బ్లాకులే ఉన్నాయి. కాగితం మీద ఏదో గీత పెట్టి తర్వాతి బొమ్మ తీశారు. పది రోజుల తర్వాత వచ్చిన రిపోర్టులో 'బ్లాకులు పేర్చలేడు' అని ఉంది.

ఆ గదిలో నాకు నోరు పెగల్లేదు. మా వాడి సంగతి ఆవిడ పెన్నులో ఉందనిపించింది మరి. తర్వాత కోపం వచ్చి పై అధికారి దగ్గరికి వెళ్తే, "ఏమైందో చెప్పండి" అన్నారాయన. "సరిగ్గా చూడలేదండీ" అన్నాను. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఏ పని చేయిస్తున్నప్పుడు అని అడిగితే తడబడ్డాను. ఆయన మర్యాదగా టీ ఇప్పించి పంపించేశారు.

పరీక్ష చేసేవాళ్ల తీరు బాగోకపోతే మనసు నొచ్చుకుంటుంది, అది ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు లెక్క కూడా తప్పుతుంది. అందుకే ముందు లెక్క సరిచేయమని అడగండి, క్షమాపణ తర్వాత. కింద రాసినదంతా ఈ వరసలోనే ఉంటుంది.

వెళ్లకముందే అడిగి పెట్టుకోండి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్లో కొన్ని సంగతులు అడగండి. పరీక్ష ఎవరు చేస్తారు, వాళ్ల చదువేంటి, రిజిస్ట్రేషన్ ఉందా? ఏ టెస్టు పెడతారు, ఎంతసేపు పడుతుంది? ఏ భాషలో మాట్లాడతారు? నేను గదిలో కూర్చోవచ్చా? రిపోర్టు ఎప్పుడిస్తారు, ఇచ్చాక కూర్చోబెట్టి వివరిస్తారా? జవాబులు ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఇవి అడిగితే విసుక్కునే చోటు ఎలాంటిదో అప్పుడే కొంత తెలిసిపోతుంది.

టెస్టు పేరు ఎందుకంటే, దాన్నిబట్టి ఎంత సమయం పట్టాలో మీకు ముందే తెలుస్తుంది. ఆటిజం పరిశీలనకు వాడే అడాస్-2 కి సాధారణంగా 40 నిమిషాల నుంచి గంట పడుతుంది. అందులో అయిదు మాడ్యూళ్లు ఉంటాయి, బిడ్డ వయసునూ మాటనూ బట్టి ఒక్కటే పెడతారు. పసిపిల్లల ఎదుగుదల చూసే బేలీ నాలుగో ఎడిషన్ 16 రోజుల బిడ్డ నుంచి 42 నెలల బిడ్డ దాకా పనికొస్తుంది. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఎమ్-చాట్-ఆర్ అయితే కేవలం 20 ప్రశ్నల జల్లెడ. అందులో 3 నుంచి 7 మార్కులు వస్తే మరికొన్ని ప్రశ్నలు అడిగి చూడాలి. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చినా అది పూర్తి పరీక్షకు పంపమని చెప్పేదే తప్ప రోగ నిర్ధారణ కాదు. ఆ ఇరవై ప్రశ్నల కాగితం చూసి "మీవాడికి ఆటిజం" అని ఎవరైనా తేల్చేస్తే, వాళ్లు ఎంత తీయగా చెప్పినా అది తప్పు పనే.

బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఆ సంగతి మీరే ముందు చెప్పండి. సాధారణంగా రెండేళ్లు నిండేదాకా, ఎన్ని వారాలు ముందు పుట్టారో అన్ని వారాలు వయసులో తగ్గించి లెక్కవేస్తారు. ఎనిమిది వారాల ముందు పుట్టిన ఏడాదిన్నర బిడ్డను దాదాపు 16 నెలల బిడ్డగా చూడాలి. మాట ఆలస్యమైన పిల్లలకు వినికిడి పరీక్ష ముందే చేయించి, ఆ కాగితం పట్టుకెళ్లండి. నిద్రపోయే వేళకు అపాయింట్‌మెంట్ ఒప్పుకోకండి.

వీలైతే ఇద్దరు వెళ్లండి. ఒకరు బిడ్డను చూసుకుంటారు, ఒకరు రాసుకుంటారు. వీడియో తీయాలనుకుంటే ముందే అడగండి. టెస్టు సామగ్రి బయటికి పొక్కితే ఆ టెస్టు పనికిరాకుండా పోతుంది కాబట్టి చాలాచోట్ల ఒప్పుకోరు. వద్దన్నారంటే దాస్తున్నారని కాదు. దొంగచాటుగా తీయొద్దు. అదేవిధంగా మీ బిడ్డను వాళ్లు వీడియో తీయాలన్నా మిమ్మల్ని అడిగి తీరాలి.

కటువుగా కనిపించేదంతా తప్పు కాదు

ఇక్కడ కాస్త ఆగాలి. పరీక్ష పద్ధతి తెలియక నేనే రెండుసార్లు అనవసరంగా ముఖం మాడ్చుకున్నాను.

బిడ్డ సరిగ్గా చెప్పినా "శభాష్" అనకపోవచ్చు. తప్పు చెప్పినా దిద్దకపోవచ్చు. ఒకే ప్రశ్నను ఒకే మాటల్లో, రాగం లేకుండా అడుగుతారు. మళ్లీ చెప్పమంటే చెప్పకపోవచ్చు. అందరు పిల్లలకూ ఒకే కొలబద్ద పెట్టాలి కాబట్టి మాటలు కూడా మార్చకూడదు. స్టాప్‌వాచ్ నొక్కుతారు. బిడ్డకు రాని ప్రశ్నలు వరసగా అడుగుతూనే ఉంటారు. అది ఏడిపించడానికి కాదు. ఇన్ని వరసగా తప్పితేనే ఆపాలని చాలా టెస్టుల్లో నియమం ఉంటుంది. "అమ్మా, మీరు అందించకండి" అని మిమ్మల్ని ఆపుతారు. మీరు కళ్లతో బొమ్మ వైపు చూపించినా అందించినట్టే.

ఆటిజం పరిశీలనలో ఇంకా వింతగా ఉంటుంది. బిడ్డ ఎలా అడుగుతాడో చూడడానికి, వాడికి ఇష్టమైన ఆట మధ్యలో కావాలనే ఆగిపోతారు. వెనకనుంచి పేరుపెట్టి పిలిచి, తిరుగుతాడా లేదా అని చూస్తారు. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఎటో చూస్తూ కూర్చుంటారు. మనకేమో పట్టించుకోనట్టు అనిపిస్తుంది. సందేహముంటే, అయ్యాక "మీరు మధ్యలో మాట్లాడకుండా ఉన్నారు కదా, అది టెస్టులో భాగమేనా?" అని అడగండి. పని తెలిసిన మనిషి నవ్వుతూ చెబుతారు.

చెడు వార్త చెప్పడం కూడా అమర్యాద కాదు. చెప్పిన విషయం మీద కోపమా, చెప్పిన తీరు మీద కోపమా అన్నది ఎవరికి వారు విడదీసుకోవాలి. ఇది రాసినంత తేలిక కాదు.

అసలు తప్పులు

లెక్కను చెడగొట్టేవి ముందు. పరీక్ష మధ్యలో ఫోన్ మాట్లాడటం, తలుపు తీసుకుని మనుషులు వచ్చిపోతుంటే ఊరుకోవడం. బిడ్డకు అర్థం కాని భాషలో అడిగి, రాలేదని రాయడం. జ్వరంతో ఉన్నాడని చెప్పినా కానిచ్చేయడం. గంట పట్టేదాన్ని పావుగంటలో ముగించడం. రోజువారీ పనులు ఎంతవరకు వచ్చో చూసే వైన్‌ల్యాండ్ లాంటి టెస్టుల్లో బిడ్డ అన్నం తినడం, బట్టలు వేసుకోవడం వంటివి మిమ్మల్నో, రోజూ చూసే టీచర్నో అడిగి రాయాలి. ఎవర్నీ అడక్కుండానే నింపేస్తే అది ఊహ. మీరు చెప్పేది చెవిన పెట్టకపోవడమూ ఇందులోకే వస్తుంది, ఎందుకంటే బిడ్డ ఇంట్లో ఎలా ఉంటాడో చెప్పగలిగేది మీరే.

మనిషిని నొప్పించేవి వేరే. బిడ్డ ముందే "వీడికి ఏమీ అర్థం కాదు" అనడం. కసురుకోవడం. "మీరు టీవీ ముందు కూర్చోబెట్టి ఉంటారు", "అమ్మ ఉద్యోగం చేస్తే ఇలాగే" అని తల్లి మీద నెట్టేయడం. పక్క కుర్చీలో వేరే తల్లిదండ్రులు ఉండగా మీ సంగతులు మాట్లాడటం. స్కోరు చెప్పకుండానే తమ థెరపీ ప్యాకేజీ కాగితం ముందుకు జరపడం.

ఇక మూడో రకానికి ఆలోచనే అక్కర్లేదు. బిడ్డను గిల్లడం, కొట్టడం, కదలకుండా గట్టిగా పట్టి కూర్చోబెట్టడం, చీకటి గదిలో పెడతానని బెదిరించడం, తాకకూడని చోట తాకడం. వెంటనే బిడ్డను ఎత్తుకుని బయటికి రండి. సంస్థ వాళ్లకు ఉత్తరం రాస్తూ కూర్చోకుండా నేరుగా పోలీసులకో, పిల్లల రక్షణ చూసే అధికారులకో చెప్పండి. దెబ్బ ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించి రాయించండి.

గదిలోనే ఏమనాలి

గొంతు పెంచితే బిడ్డ బెదిరిపోతాడు, ఆ తర్వాత ఏ పరీక్షా నడవదు. పైగా "తల్లిదండ్రులు సహకరించలేదు" అని రిపోర్టులో ఎక్కుతుంది. మెట్లు మెట్లుగా వెళ్లండి.

మొదటి మెట్టు నీళ్లు. "మేడమ్, ఒక్క రెండు నిమిషాలు ఆపుదామా? వీడికి నీళ్లు తాగించి తీసుకొస్తాను." ఎవరూ కాదనరు. బయట గాలి పీల్చుకుని, ఏమనాలో మనసులో కూర్చుకుని రావచ్చు. నిజంగానే బాత్రూమ్‌కు తీసుకెళ్లండి, సగం చికాకు అక్కడే పోతుంది, వాడిదీ మీదీ.

రెండోది, జరిగింది జరిగినట్టు చెప్పి ఒక పని అడగడం. "మీరు ఫోన్లో ఉన్నప్పుడు వీడు బ్లాకులు పేర్చాడండీ, మీరు చూడలేదు. ఇంకోసారి ఇచ్చి చూస్తారా? నియమం ప్రకారం కుదరకపోతే, చూడలేదని అయినా రాయండి." ఆ రోజు నేను అనాల్సిన మాట ఇదే. "మీకు బాధ్యత లేదు" అంటే వాదన మొదలవుతుంది. "మీరు చూడలేదు" అంటే ఆవిడ కాదనలేదు.

బిడ్డ గురించి వాడి ముందే మాట్లాడుతుంటే: "వాడు వింటున్నాడండీ. ఇది మనం తర్వాత మాట్లాడుకుందాం." అంతే, పొడిగించకండి. మాటలు రాని పిల్లలు మాటలు వినలేరనుకోవడం పెద్ద పొరపాటు. మా వాడు నాలుగేళ్లప్పుడు, ఎప్పుడో ఎవరో తనను అన్న మాటను ఎలుగుబంటి బొమ్మకు అప్పజెప్పాడు.

మీ మీదే నెపం పెడితే, సంజాయిషీ ఇచ్చుకోకండి. "అది కూడా ఒక కారణమని మీరనుకుంటే రిపోర్టులో ఆధారంతో రాయండి, నేను చదువుకుంటాను" అనండి. నోటితో తేలిగ్గా అన్న మాటను చాలామంది కాగితం మీద పెట్టరు.

మూడో మెట్టు ఆపేయడం. "ఇవాళ్టికి ఆపేద్దామండీ. వీడు ఇంక చేసే స్థితిలో లేడు. మిగిలింది ఇంకోరోజు పెట్టుకుందాం, ఎక్కడ ఆపామో రాసుకోండి." ఒప్పుకుని మొదలుపెట్టిన పరీక్షను మధ్యలో ఆపమనే హక్కు మీకుంది. అది వాళ్ల దయాదాక్షిణ్యం కాదు. సగంలో ఆగిన దానికి స్కోరు రాకపోవచ్చు. తప్పు స్కోరు కన్నా అది నయం.

బయటికొచ్చాక బిడ్డతో ఒక మాట చెప్పండి. "ఆ ఆంటీ చిరాకుగా మాట్లాడింది కదా, తప్పు నీది కాదు. నువ్వు బాగా చేశావు." అర్థమవుతుందా లేదా అని చూడకండి, చెప్పేయండి.

ఆ రోజే రాయండి

ఇల్లు చేరాక, పడుకోబోయే లోపు రాయాలి. రెండు రోజులు పోతే మన కోపం మిగులుతుంది గానీ వివరాలు మిగలవు. తారీకు, గదిలోకి వెళ్లిన వేళ, బయటికొచ్చిన వేళ, ఎవరెవరు ఉన్నారు. తర్వాత ఒక్కో సంఘటనకు ఒక్కో వాక్యం. అన్న మాటను అన్నట్టే రాయండి, మీ వ్యాఖ్యానం వద్దు.

'చాలా నిర్లక్ష్యంగా ఉన్నారు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. '10:40 కి, బ్లాకులు ఇచ్చాక ఫోన్ వచ్చింది. సుమారు మూడు నిమిషాలు మాట్లాడారు. ఆ సమయంలో బాబు ఎనిమిది పేర్చాడు. ఆవిడ చూడలేదు. మళ్లీ ఇవ్వలేదు' అని రాస్తే ఎవరైనా తలెత్తి చూస్తారు. తోడొచ్చిన వాళ్లను మీది చూడకుండా విడిగా రాయమనండి.

రిపోర్టు రాకముందే ఒక ఉత్తరం

నాకు తెలిసినంతలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే, ఎక్కువమంది చేయనిదీ ఇదే. రిపోర్టు సంతకమై వచ్చాక మార్చాలంటే వాళ్లకు ఇబ్బంది, పట్టుదలా పెరుగుతాయి. రాకముందు ఒక ఈమెయిల్ పంపితే దాన్ని లెక్కలోకి తీసుకోవడం తేలిక. పొడుగు వద్దు:

'నమస్కారమండీ. ఫలానా తారీకున మా బాబుకు అసెస్‌మెంట్ జరిగింది. మధ్యలో మూడుసార్లు ఫోన్ వల్ల ఆగింది. బ్లాకులు పేర్చడం, బొమ్మ చూపించడం ఈ రెండూ ఆ సమయంలోనే జరిగాయి. బాబుకు ముందురోజు రాత్రి జ్వరం ఉన్న సంగతి కూడా చెప్పాను. దయచేసి ఇవి రిపోర్టులో పరిశీలనల కింద రాయండి. ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో కూడా మీ అభిప్రాయం రాయండి. వీలైతే ఆ భాగాలను ఇంకొకరితో మళ్లీ చేయించగలరా?'

ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో రాయమనే వాక్యాన్ని వదలొద్దు. మంచి రిపోర్టులో, బిడ్డ ఆ రోజు ఎలా ఉన్నాడు, ఈ స్కోర్లు వాడి నిజమైన సామర్థ్యాన్ని చూపిస్తున్నాయా అన్నది అడక్కుండానే రాస్తారు. అడిగితే రాయక తప్పదు, లేదా ఎందుకు రాయరో చెప్పాలి.

రిపోర్టు చదవడం

ముందు స్కోరు చూడకండి, పై భాగం చూడండి. పేరు, పుట్టిన తేదీ, పరీక్ష రోజుకు వయసు, ఇంటి భాష. వయసు లెక్క మీరే వేసి చూడండి. నెల తేడా వచ్చినా చిన్నపిల్లల విషయంలో స్కోరు మారవచ్చు. మా వాడి రిపోర్టులో రెండుచోట్ల 'ఈ పాప' అని ఉంది, ఎవరి రిపోర్టు నుంచో అతికించేశారన్నమాట. అలాంటివి ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, సరిచేసిన ప్రతి అడగండి.

చాలా టెస్టుల్లో సగటు 100. అటూఇటూ 15 ఒక మెట్టు. 70 అంటే సగటుకు రెండు మెట్లు కింద. స్కోరు పక్కన ఇంత నుంచి ఇంత మధ్య అని ఒక పరిధి ఉండాలి. ఒక్క అంకె మాత్రమే రాసి ఉంటే ఆ పరిధి అడగండి. ప్రశ్నపత్రం, మార్కులు వేసిన అసలు కాగితాలు చాలాచోట్ల ఇవ్వరు, టెస్టు గోప్యత అంటారు. స్కోర్లన్నీ, రాతపూర్వక రిపోర్టు మాత్రం అడిగి తీసుకోండి. నోటిమాటగా చెప్పి పంపేస్తే ఊరుకోవద్దు.

ఫిర్యాదు

వరస ఇది. ముందు పరీక్ష చేసిన మనిషి, తర్వాత వాళ్ల పై అధికారి, తర్వాత సంస్థ, ఆ తర్వాత వాళ్లకు లైసెన్సో రిజిస్ట్రేషనో ఇచ్చిన మండలి. మూడో రకం తప్పులకు ఈ వరస వర్తించదు. ప్రతి మెట్టులోనూ రాతలోనే ఉండాలి, జవాబుకు ఒక తారీకు అడగాలి. ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి: మళ్లీ పరీక్ష, రిపోర్టు సవరణ, డబ్బు వాపసు, లేదా వేరే మనిషి. 'చర్య తీసుకోండి' అని ముగిస్తే ఏ చర్యో వాళ్లే ఎంచుకుంటారు. వైకల్యమున్న బిడ్డకు గౌరవంగా బతికే వీలుండాలని ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 23వ అధికరణం చెబుతుంది. కావాలంటే ఉత్తరంలో ఒక లైను రాయండి, కానీ మీ బలమంతా 10:40 కి ఏం జరిగిందన్న వాక్యంలోనే ఉంది.

ఫిర్యాదు చేస్తే బిడ్డకు సేవలు ఆపేస్తారేమోనని భయపడతారు. ఆ భయం ఉత్తదని నేననను. ఆ ఊరికంతా ఒక్కరే ఉన్నప్పుడు ఇంకా కష్టం. అప్పుడు ఫిర్యాదుగా కాకుండా, 'రిపోర్టులో ఈ వివరం చేర్చండి' అన్న విన్నపంగా రాయండి. కాగితం ఫైల్లో పడుతుంది, మాట తెగదు.

రెండోచోట చూపించేటప్పుడు

పాత టెస్టు పేరు, తారీకు దాచకండి. అదే టెస్టు కొద్ది నెలల్లో మళ్లీ పెడితే అలవాటు వల్ల స్కోరు పెరుగుతుంది. అందుకే కొన్నిటికి ఏడాది దాకా ఆగమంటారు, లేదా వేరే టెస్టు ఎంచుకుంటారు. మొదటివాళ్ల అభిప్రాయం మాత్రం పరీక్ష అయ్యాక ఇస్తామని చెప్పవచ్చు, ముందే ఒక ముద్ర పడకుండా. కొత్త గదిలోకి వెళ్తూనే పాతవాళ్లను తిట్టడం మొదలుపెట్టకండి. ఎదుటివాళ్లు బిడ్డను వదిలి మిమ్మల్ని చూడటం మొదలుపెడతారు.

ఈలోగా ఏ సాయం దొరికితే అది మొదలుపెట్టండి. మేం నాలుగు నెలలు ఆగాం. రెండో ఆవిడ నేల మీద కూర్చుని, ఫోన్ బ్యాగులో పెట్టి, మా వాడితో గంటన్నర గడిపారు. బ్లాకులన్నీ పేర్చాడు, ఇంకా ఇమ్మన్నాడు. ఆ మాట చెప్పి, ఆవిడ కాగితం తిప్పి మాటల స్కోరు చూపించారు. మొదటి రిపోర్టులో ఉన్న అంకెకు మూడే తేడా. ఫోన్లో ఉన్నావిడ బ్లాకుల దగ్గర తప్పారు గానీ మాటల దగ్గర తప్పలేదు. స్పీచ్ థెరపీకి ఆ సోమవారమే వెళ్లాం.